పాత ఇళ్ళ ఫొటోలకు కెనాన్ 10-18: ఏళ్ళ తరబడి వాడాక

పల్లెల్లో పాత ఇళ్ళు ఫొటో తీయడం నాకు కాలేజీ రోజుల నుంచీ ఉన్న పిచ్చి. ఆ పనికి కొన్నేళ్ళుగా ఎక్కువ వాడుతున్నది కెనాన్ 10-18 ఎంఎం వైడ్ లెన్స్. 2014లో వచ్చింది. బరువు 240 గ్రాములే, కెమెరాకి బిగించే మౌంట్ కూడా ప్లాస్టిక్‌దే. చూస్తే బొమ్మలా ఉంటుంది గానీ అదే నాకు కలిసొచ్చింది. పెద్ద లెన్స్‌తో వీధిలో నిలబడితే "ఇల్లు బేరానికొచ్చారా బాబూ?" అంటారు. (అడిగేవాళ్ళలో కొందరు నిజంగా అమ్మాలనుకుంటున్నవాళ్ళే.)

దీని అసలు ప్రతాపం మండువా లోగిలిలో చూడాలి. గోదావరి జిల్లాల్లో ఈ ఇళ్ళకి నాలుగు వైపుల కప్పూ లోపలికి వాలి ఉంటుంది. వాన నీళ్ళు మధ్యలో పడి తూములోంచి బయటికి పోతాయి. ఫొటోకని వెనక్కి జరిగితే వీపుకి గోడ తగులుతుంది. కెమెరాతో పాటు వచ్చే మామూలు 18-55 లెన్స్‌తో రెండు స్తంభాలు, ఓ తలుపు వస్తాయి, అంతే. దీంతో చూరుతో సహా మండువా దాదాపు అంతా పడుతుంది. కానీ పూర్తిగా 10లో (అంకె తగ్గేకొద్దీ ఎక్కువ వెడల్పు పడుతుంది) తీస్తే నాలుగు మంచాలు పట్టని మండువా కూడా రాజుగారి దర్బారులా వస్తుంది. ఇంటివాళ్ళే "ఇది మనిల్లేనా?" అంటారు. అందుకే నేను 13, 14 కంటే కిందికి దించను.

కెమెరా కాస్త పైకెత్తితే చాలు, స్తంభాలు ఒకదాని మీదికొకటి ఒరిగిపోతాయి. ఏ వైడ్ లెన్స్‌కైనా ఇది తప్పదు. దీన్ని సరిచేయడానికే చేసిన టిల్ట్-షిఫ్ట్ లెన్స్ ఉంది గానీ బాగా ఖరీదు. నేను కెమెరాని మట్టంగా పట్టుకుని, ఎక్కువొచ్చిన నేలని తర్వాత కోసేస్తాను.

చీకటికి 4.5 అపర్చర్ (వెలుతురు లోపలికొచ్చే కంత) తక్కువే. రాయలసీమ మిద్దెల్లో వెలుతురంతా గవాచిలోంచి, అంటే కప్పులో వదిలిన కంతలోంచి రావాలి. చెయ్యి వణుకుని సర్దే స్టెబిలైజర్ ఉంది కాబట్టి గోడలూ దూలాలూ చేత్తోనే షార్ప్‌గా వస్తాయి, మనుషులు కదిలితే మాత్రం చెదిరిపోతారు. మిట్టమధ్యాహ్నం వెళ్ళకండి. ఎండ పడినచోట తెల్లమచ్చ తప్ప ఏమీ మిగలదు. మబ్బు పట్టిన రోజు మేలు.

22 సెంటీమీటర్ల దగ్గర్లోనూ ఫోకస్ అవుతుంది. దింపి పెట్టిన మంగళూరు పెంకు అడుగున అచ్చుపోసిన ఫ్యాక్టరీ పేరు చదివేంత బాగా వస్తుంది. మంగళూరులో బాసెల్ మిషన్ అనే క్రైస్తవ మిషనరీ సంస్థ పెంకుల ఫ్యాక్టరీ పెట్టింది 1865లో. కాబట్టి ఇల్లు ఎంత పాతదన్నా, ఆ కప్పు అంతకు ముందుది కాదు.

ఉత్తరాంధ్ర తీరంలో గుండ్రంగా కట్టే చుట్టిళ్ళకి మాత్రం ఈ లెన్స్ సంచిలోంచి తీయను. తాటాకు కప్పు దాదాపు నేల దాకా దిగుతుంది, వైడ్‌లో ఫ్రేము అంచుకొస్తే ఆ గుండ్రం కాస్తా కోడిగుడ్డయిపోతుంది. చేలో వెనక్కి నడిచి 50 ఎంఎంతో తీస్తేనే ఇల్లు ఇల్లులా ఉంటుంది.

కెనాన్ ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్ ఉన్న) డీఎస్ఎల్ఆర్‌కి ఇది ఎక్కదు. ఆర్ సిరీస్ మిర్రర్‌లెస్‌కి అడాప్టర్‌తో పనిచేస్తుంది. సెకండ్‌హ్యాండ్‌లో కొనేటప్పుడు లెన్స్ ముందు, వెనక అద్దాల్లో ఫంగస్ ఉందేమో టార్చి వేసి చూసుకోండి.