షెర్లాక్ హోమ్స్ కొత్త కథలంటూ టోపీ పెడుతున్నారు, జాగ్రత్త

ఒళ్లు మండిపోతూ రాస్తున్నాను, అటూ ఇటూ అయితే సర్దుకుని చదవండి. పాత పుస్తకాలమ్మే ఆ ఆన్‌లైన్ పేజీ పేరు ఇక్కడ పెట్టను. పెట్టకపోయినా మీలో చాలామందికి తెలుస్తుంది. ఆదివారం రాత్రిళ్లు పాత ఇంగ్లిష్ పుస్తకాల ఫొటోలు పెట్టి "ముందు మెసేజ్ పెట్టినవాళ్లకే" అంటాడే, అతనే. పాత పుస్తకాలతో నాకెప్పుడూ పేచీ రాలేదు. ఈసారి అమ్మింది మాత్రం కొత్త పుస్తకం.

ఎర్ర అట్ట, బంగారు అక్షరాలు, పైపు, టోపీ. "కానన్ డాయిల్ ఇంతవరకు అచ్చుకాని హోమ్స్ కథలు, మొట్టమొదటిసారి" అని కింద రాశాడు. పన్నెండు కథలు, 1,450 రూపాయలు, కొరియర్ అదనం. హోమ్స్‌ని సృష్టించిన డాయిల్ నిజంగా రాసినవేనా అని అడిగాను. "హండ్రెడ్ పర్సెంట్ మేడమ్, లండన్‌లో ఒక బ్యాంకు లాకర్లో రేకుపెట్టెలో దొరికాయి" అన్నాడు.

ఆ రేకుపెట్టె సంగతి మనవాళ్లకి చెప్పాలా? చేరింగ్ క్రాస్‌లో కాక్స్ అండ్ కో బ్యాంకులో తన పేరున్న పాత రేకుపెట్టె ఉందని, అందులో రాయని కేసుల కాగితాలున్నాయని 'థార్ బ్రిడ్జ్' కథ మొదట్లో హోమ్స్ స్నేహితుడు, ఆ కథలు మనకి చెప్పే వాట్సన్ చెప్తాడు. అంటే కథలో ఉన్న పెట్టెలోంచి నిజం కథలు బయటికొచ్చాయన్నమాట! అది విని నవ్వుకుని వదిలేయాల్సింది పోయి, రెండు నిమిషాల్లో యూపీఐ కొట్టి స్క్రీన్‌షాట్ కూడా పంపాను. తెలివైనదాన్ని కదా.

ఆశ ఎందుకు పుట్టిందో మీకూ తెలుసు. హోమ్స్ మీద డాయిల్ రాసినవి నాలుగు నవలలు, 56 చిన్న కథలు, అంతే ఉన్నాయి. గొడుగు మరిచిపోయానని ఇంట్లోకి వెనక్కి వెళ్లి మళ్లీ ఎవరికీ కనపడని జేమ్స్ ఫిలిమోర్ ఏమయ్యాడు? అగ్గిపెట్టెలో వింత పురుగుని చూసి పిచ్చెక్కిన పెర్సానో కథేంటి? సుమత్రా పెద్ద ఎలుక? వాట్సన్ పేర్లు చెప్పి ఊరించి వదిలేసిన కేసులు ఇవి. డాయిల్ కొడుకు ఏడ్రియన్, డిటెక్టివ్ కథల రచయిత జాన్ డిక్సన్ కార్ కలిసి 1954లో ఇలాంటి కేసుల మీదే పన్నెండు కథలు పుస్తకంగా వేశారు. అట్ట మీద వాళ్ల పేర్లే వేసుకున్నారు. అది మర్యాద.

పార్సిల్ వచ్చింది. అట్ట మీద డాయిల్ పేరు బొటనవేలంత అక్షరాల్లో ఉంది. లోపల రెండో పేజీలో, కళ్లజోడు తీసి దగ్గరగా పెట్టుకుంటే తప్ప కనపడనంత సన్నగా, "స్ఫూర్తితో" అని ఉంది. రాసిన మనిషి పేరు లేదు. ప్రచురణకర్త అడ్రస్ లేదు.

సరే, ఎవరు రాస్తే ఏం, బాగుంటే చాలనుకుని మొదలుపెట్టాను. మొదటి కథ 1892 అక్టోబరులో జరుగుతుంది. లండన్ బేకర్ స్ట్రీట్‌లో తన ఇంట్లో హోమ్స్ తీరిగ్గా వయొలిన్ వాయిస్తున్నాడు. డాయిల్ కథల్లో 1891 మేలో స్విట్జర్లాండ్‌లోని రైకెన్‌బాక్ జలపాతం దగ్గర పోయాడనుకున్న మనిషి 1894లో గానీ లండన్ తిరిగి రాలేదు కదా! (డాయిల్ గారే 'విస్టీరియా లాడ్జ్' కథకి 1892 అని వేసేశారు, నిజమే. ఆయనకి చెల్లుతుంది.) రెండో కథలో హోమ్స్ ఇంటి యజమానురాలు మిసెస్ హడ్సన్ టెలిఫోన్ ఎత్తి "హలో" అంటుంది. ఏడాది 1888, డాయిల్ కథల్లో అప్పటికి ఆ ఇంట్లో ఫోనే లేదు. ఇక్కడిదాకా ఓపిక పట్టాను.

మూడో కథ పేరు 'బట్టతలల ట్రస్టు'. ఒక చిన్న కొట్టు యజమాని. సగం జీతానికే పనిచేస్తానని చేరిన కుర్రాడు. బట్టతల ఉన్నవాళ్లకి మాత్రమే ఉద్యోగమని పేపర్లో ప్రకటన. రోజూ కొన్ని గంటలు కూర్చుని లా పుస్తకం ఎత్తి రాయడమే పని, వారానికి నాలుగు పౌండ్లు. ఒక పొద్దున వెళ్లేసరికి ఆఫీసు తలుపుకి "ట్రస్టు రద్దయింది" అని అట్టముక్క. నాకు చేతులు చల్లబడ్డాయి. పేజీ తిప్పితే హోమ్స్ ఆ కొట్టు ముందు నిలబడి చేతికర్రతో పేవ్‌మెంట్ మీద టకటకా కొడుతున్నాడు.

అది 1891 ఆగస్టు స్ట్రాండ్ మ్యాగజైన్‌లో వచ్చిన డాయిల్ ఎర్రజుట్టువాళ్ల కథ! ఎర్రజుట్టు పీకేసి బట్టతల పెట్టాడు, ఎన్‌సైక్లోపీడియా తీసేసి లా పుస్తకం పెట్టాడు. బ్యాంకు కిందికి సొరంగం అలాగే ఉంది. ఆ కుర్రాడి ప్యాంటు మోకాళ్లు చూసి హోమ్స్ కనిపెట్టడం కూడా అలాగే ఉంది. హోమ్స్ కథల్లో ఎవరైనా మొదట చదివేది అదే కదా, దాన్నే ఎత్తి నా చేతిలో పెట్టి "అచ్చుకానిది" అన్నాడు. ఆ తర్వాతవి తిరగేశాను. సగం ఇదే బాపతు.

పేజీల ఫొటోలు తీసి మర్యాదగా మెసేజ్ పెట్టాను, డబ్బు వెనక్కి ఇవ్వమని. అప్పటిదాకా మాటకోసారి "మేడమ్" అన్న మనిషి ఏమన్నాడో చూడండి: "చూడమ్మా, హోమ్స్ ఎవడి సొత్తూ కాదు, ఎవరైనా రాసుకోవచ్చు. మొత్తం చదివేసి ఇప్పుడు ఫ్రీగా వెనక్కి ఇద్దామనుకుంటున్నావా?"

1,450 పోయినందుకు కాదు, ఆ "చూడమ్మా", ఆ "అనుకుంటున్నావా" చూసి రాత్రి నిద్ర పట్టలేదు. నేను దొంగనట! నేను జవాబు టైప్ చేస్తుండగానే బ్లాక్ చేశాడు. మర్నాడు మా చెల్లి ఫోన్లోంచి చూస్తే అదే ఎర్ర పుస్తకం, "లాస్ట్ టూ కాపీస్" అని కొత్త ఫొటో.

ఎవరైనా రాసుకోవచ్చన్న మాట నిజమే. అమెరికాలో చివరి కథల కాపీరైట్ కూడా 2023 జనవరి 1తో అయిపోయింది. కొత్త హోమ్స్ కథలు రాసేవాళ్లు బోలెడుమంది, కొందరు చాలా బాగా రాస్తారు, నేనూ కొని చదువుతాను. వాళ్లు తమ పేరుతో రాస్తారు. డాయిల్ పేరుతో ఎవరిదో కథ అమ్మడం వేరు.

"దొరికిన కథ" అన్న మాట వినగానే జేబు పట్టుకోండి. డాయిల్ కాగితాల్లో దొరికిందని 1948లో ఒక కథని ఆయన పేరుతోనే పత్రికలో వేశారు. తీరా అది ఆర్థర్ విటేకర్ అనే ఆర్కిటెక్ట్ రాసి పంపితే డాయిల్ డబ్బిచ్చి తీసుకుని పక్కన పెట్టినది. అక్కడ కనీసం నిజంగా పొరబడ్డారు, డాయిల్ ఇంట్లోనే దొరికింది కాబట్టి.

కొనేముందు విషయసూచిక పేజీ, కాపీరైట్ పేజీ ఫొటోలు అడగండి. రచయిత పేరు చెప్పకపోతే వద్దనుకోండి. వీలైతే క్యాష్ ఆన్ డెలివరీ పెట్టండి. నేను కన్స్యూమర్ హెల్ప్‌లైన్ నంబరు 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. ఆ ఎర్ర పుస్తకం మీలో ఇంకెవరైనా కొని ఉంటే అతను పంపిన మెసేజ్‌లు చెరిపేయకండి, స్క్రీన్‌షాట్లు తీసి నాకు పంపండి. ముఖ్యంగా ఆ రేకుపెట్టె మాట మీకూ చెప్పాడా?