‘హౌ’ ఒక్కటే తెలిసిన యాప్

విదేశాల్లో ఉద్యోగం కోసం ఓఈటీ అనే ఇంగ్లిషు పరీక్ష రాసే నర్సులకు, తెర మీది రోగితో మాట్లాడించి మన ఇంగ్లిషును దిద్దే ఈ యాప్‌ను పరిచయం చేయనక్కరలేదు. ధర, వీడియోలు, పదాల పట్టిక గురించి ఇప్పటికే చాలామంది రాశారు. నా పేచీ ఒక్కదానితోనే: రోగిని మనం ప్రశ్న అడగగానే ప్రశ్నపదం కింద పడే ఎర్ర గీత.

మొదట్లో ఆ గీత కోసమే మా వార్డులో అందరి చేతా ఈ యాప్ పెట్టించాను. ‘వై ఆర్ యూ యాంక్షియస్’ అంటే నిలదీసినట్లు ఉంటుందని, ‘వాట్’తో మొదలుపెట్టి కలవరపెడుతున్నదేమిటో అడగమని చూపించింది. ‘థింక్’ ముందు ‘హౌ’ పెడితే అభిప్రాయం బదులు ఆలోచించే పద్ధతి అడిగినట్లవుతుందనీ దిద్దింది. పరీక్షలో ఒక్కో సంభాషణకు ఉండేది 5 నిమిషాలే. భాషతో పాటు రోగి మనసు కనుక్కునే తీరుకూ మార్కులుంటాయి. కనుక ఇవి చిన్న విషయాలు కావు.

తకరారు షుగరు రోగి దగ్గర వచ్చింది. యాప్‌లో పాదాలు మొద్దుబారిన పెద్దాయన ఒకడున్నాడు. ఇలాంటివాళ్లను కర్నూలులో రోజూ చూస్తాను; ఆదోని, ఎమ్మిగనూరు వైపు నుంచి పుండు పడ్డాక గానీ రారు. కళ్లు మూసుకోమని, 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాను పోగును పాదానికి ఆనించి తగిలిందా అని అడుగుతాం. తర్వాత దూదితోనూ సన్నటి మొనతోనూ తాకి, ఏమి తెలుస్తోందో చెప్పమంటాం. ఇంగ్లిషులో అక్కడ ‘వాట్ డూ యూ ఫీల్’ అనే అడగాలి. మనకు కావలసింది చర్మం చెప్పే సమాధానం. యాప్ ఆ ‘వాట్’ను కొట్టేసి ‘హౌ’ పెట్టమంది. సరే, అలాగే అడిగాను. పెద్దాయన దిగులుగా ఉందన్నాడు, కొడుకు దూరంగా ఉన్నాడన్నాడు, రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదన్నాడు. దూది పట్టుకుని నేను వింటూ కూర్చోవాలి కాబోలు! పాదానికి స్పర్శ ఉందో లేదో చివరిదాకా తేలలేదు. పైగా ఆ సంభాషణకు నిండుగా మార్కులు వేసింది.

కంపెనీకి రాస్తే సూచనకు ధన్యవాదాలన్నారు. ఆ తర్వాత యాప్‌కు కొత్త రంగులు వచ్చాయి, గీత మాత్రం మారలేదు. ఇప్పుడు చూస్తే ‘వై’ని దిద్దినప్పుడు కూడా అది సందర్భం గమనించినట్లు లేదు. కట్టు ఎందుకు తడిసిందని అడిగినా అదే గీత.

“మార్కులు వస్తున్నాయి కదా అక్కా, అది చెప్పినట్లే అనండి” అంటుంది మా జూనియర్. అసలు పరీక్షలో రికార్డింగు విని మార్కులు వేసేది మనుషులు. దూది చేతిలో పట్టుకుని మనసు సంగతి అడిగితే వాళ్లు ఊరుకుంటారా?

అయినా యాప్‌ను తీసేయలేదు. నావి నైట్ డ్యూటీలు, సాయంత్రం కోచింగుకు వెళ్లే వీలు లేదు, అర్ధరాత్రి నాతో ఇంగ్లిషు మాట్లాడేవాళ్లు ఎవరున్నారు? సెట్టింగుల్లో ఆ గీతను ఆపేసి వాడుతున్నాను. బ్రిటన్‌కు వెళ్లాలంటే మాట్లాడే భాగంలో 350 రావాలి. వస్తే కాస్త మెత్తబడతానేమో. ప్రస్తుతానికి మూడు నక్షత్రాలు. ఇంట్లో ఇంగ్లిషు మాట్లాడే మనిషి ఉన్నవాళ్లకైతే డబ్బు దండగ.