అల్లికుళం కొట్టులో పాత వేటకుక్కల ఫొటోలు: ఏవి కొనాలి, ఏవి వదిలేయాలి

చెన్నై సెంట్రల్ దగ్గరి అల్లికుళం కాంప్లెక్స్ గురించి పాత పుస్తకాలవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. 1985లో మూర్ మార్కెట్ కాలిపోయాక అక్కడి వ్యాపారులు చాలామంది చేరిన చోటు. అందులో ఒక కొట్టులో పుస్తకాలకంటే ఫొటోలే ఎక్కువ. తెల్లదొరల వేట బొమ్మలే ఒక పెద్ద అట్టపెట్టె నిండా ఉన్నాయి: ఊటీ హంట్ (గుర్రాలెక్కి జాగిలాలతో వేటాడే దొరల క్లబ్బు) జాగిలాల గుంపులు, బంగళా మెట్ల మీద టెర్రియర్లు, జమీందారుల పక్కన నిలబడ్డ సన్నపాటి వేటకుక్కలు. సరుకు నిజంగా బాగుంది. వెనక పెన్సిలుతో రాసిన వివరాలు మాత్రం నమ్మేలా లేవు, ధరేమో వాటిని బట్టే చెబుతున్నారు. అందుకని రాత సంగతి పక్కనపెట్టి ముందు కాగితం, ఆ తర్వాత కుక్క చూడాలి.

పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం తీసుకెళ్లండి. ఫ్రేము విప్పి చూపించమంటే కొట్టాయన విసుక్కోరు, ఈ కొట్టుకు పెద్ద మార్కు ఇక్కడే. 1890లకు ముందువి చాలామటుకు ఆల్బుమెన్ ప్రింట్లు, అంటే గుడ్డు తెల్లసొన పూసిన కాగితం మీద వేసినవి. ఉల్లిపొరంత పలుచటి కాగితాన్ని మందపాటి అట్టకు అంటించి ఉంటారు. నీడలు ఊదా కలిసిన గోధుమరంగులో ఉంటాయి, తెల్లని చోట్లు పసుపెక్కి ఉంటాయి, భూతద్దంలో కాగితం పీచు కనిపిస్తుంది. తర్వాత వచ్చిన జెలటిన్ సిల్వర్ ప్రింట్లలో (జెలటిన్ పొరలో వెండితో బొమ్మ పడ్డవి) బెరైటా అనే తెల్లటి ఖనిజపు పూత అడ్డం కాబట్టి పీచు కనబడదు. అంచుల దగ్గర నల్లని చోట్ల వెండి పైకి తేలి నీలంగా మెరుస్తుంది. భూతద్దం కింద వరుసగా చుక్కలు కనబడితే అది ఫొటో కాదు, పత్రికలోంచి కత్తిరించిన అచ్చు బొమ్మ. అలాంటివాటికి కూడా ఇక్కడ ఫ్రేములు కట్టి ఫొటోల వరసలో పెట్టారు.

తేదీల సంగతి. ఒక అట్ట వెనక ‘వెన్లాక్ డౌన్స్, 1880’ అని ఉంది. వెన్లాక్ ప్రభువు మద్రాసు గవర్నరుగా ఉన్నది 1891 నుంచి 1896 దాకా. ఊటీ పచ్చికబయళ్లకు ఆయన పేరు వచ్చింది ఆ తర్వాతే, కాబట్టి ఆ తేదీ తప్పు. పరుగెత్తే జాగిలాలు స్పష్టంగా పడ్డ బొమ్మ మీద 1860 అని ఉన్నా అంతే. అప్పటి తడి ప్లేట్లకు (రసాయనం తడిగా ఉండగానే వాడే గాజుపలకలు) మామూలుగా సెకన్లకొద్దీ వెలుగు కావాలి, తోక ఊపినా చెరిగిపోతుంది. పొడి ప్లేట్లు బజారులోకి వచ్చాకే, అంటే ఇంచుమించు 1880 నుంచి, కదిలే కుక్కను పట్టుకోవడం వీలైంది.

రంగుల విషయంలో చాలామంది బోల్తాపడతారు. ఆనాటి ప్లేట్లకు ఎరుపు దాదాపు కనబడదు. హంట్‌వాళ్ల ఎర్రకోటు ఫొటోలో నల్లగా వస్తుంది, జాగిలం ఒంటి మీది ఎర్రమచ్చలూ అంతే. నల్లకోట్లు చూసి ‘పోలీసు దళం’ అని రాసినవి నిజానికి హంట్ బొమ్మలే. తెల్లకుక్క కనబడగానే ‘రాజపాళయం’ (గులాబీ ముక్కుండే తెల్లటి తమిళ వేటకుక్క జాతి) అని రాయడం కూడా ఇలాంటిదే. గులాబీ ముక్కు ఈ ప్లేట్ల మీద తేలదు కాబట్టి ఒళ్లు చూడాలి. పొట్ట లోపలికి పీక్కుపోయి, కాళ్లు పొడవుగా ఉంటే కంటిచూపుతో తరిమే దేశీ జాతి. బరువైన ఎముక, వేలాడే చెవులు, నిటారు తోక ఉంటే వాసన పట్టి గుంపుగా పరుగెత్తే ఇంగ్లీషు ఫాక్స్‌హౌండ్. ఊటీలో వాటితో తరిమింది ఇంగ్లండు ఎర్రనక్కను కాదు, మన నక్కనే (ఇంగ్లీషులో జాకల్). అట్ట మీద ‘17½ కపుల్’ అని ఉంటే 35 జాగిలాలని అర్థం, జతల లెక్క అది.

టెర్రియర్ పని వేరు. తరిమిన జంతువు బొరియలో దూరితే టెర్రియర్ లోపలికి వెళ్లి మొరిగి నిలబెడుతుంది, మనుషులు పారతో తవ్వుతారు. పారలు, రాతిగోడలు, టోపీ కూలీలు ఉన్న బొమ్మ దాదాపుగా ఇంగ్లండుదే. ఇక్కడ మాత్రం దానికి ‘నీలగిరి’ అని రాసి ధర పెంచారు. ‘జాక్ రసెల్’ అన్న రాతకు కూడా అదనంగా ఇవ్వకండి. ఆ జాతికి పేరు వచ్చిన రసెల్ పాదిరీ 1883లో పోయారు, ఆ రోజుల్లో ఆ కుక్కలను ఫాక్స్ టెర్రియర్లనే అనేవారు.

కొట్టు చేసే పెద్ద తప్పు ఫ్రేము కట్టడంలో ఉంది. బొమ్మ అంచుల్లో గొలుసులు పట్టుకుని నిలబడ్డవాళ్లు మన పనివాళ్లు. అట్టల మీద దొరల పేర్లుంటాయి, జాగిలాల పేర్లు కూడా ఉంటాయి, వీళ్లవి ఉండవు. బొమ్మ చుట్టూ పెట్టే కొత్త మౌంటు అట్టలో కిటికీ చిన్నదిగా కోసి ఆ అంచులనే కప్పేస్తున్నారు. ఇది చూస్తే కడుపు మండుతుంది. ఫ్రేము వద్దని విడి ప్రింటే అడగండి, ధర కూడా తగ్గుతుంది. కట్టించక తప్పకపోతే గాజుకూ బొమ్మకూ మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల ఎడం ఉంచమనండి. చెన్నై తేమకు జెలటిన్ మెత్తబడి గాజుకు అతుక్కుంటే మళ్లీ ఊడిరాదు. ఫెవికాల్, లామినేషన్ వద్దే వద్దు. ఇంట్లో ఆమ్లం లేని కాగితంలో చుట్టి, సిలికా జెల్ పొట్లాలున్న డబ్బాలో పెట్టండి. మురికిగా ఉందని తడిగుడ్డతో తుడిస్తే ఆల్బుమెన్ పొర పగులుతుంది. మెత్తటి కుంచె చాలు.

స్కానింగ్ కూడా చేసిస్తారు, పని శుభ్రంగా ఉంది. జేపెగ్ ఇవ్వబోతారు, 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు) టిఫ్ ఫైలు కావాలని ముందే చెప్పండి. రెండింతలు పెద్దదిగా అచ్చు వేసుకున్నా చెదరదు. అట్ట వెనకవైపు కూడా స్కాన్ చేయించండి, స్టూడియో ముద్ర ఉండేది అక్కడే.

నక్క తల, తోక లాంటివి బిగించిన ఫ్రేములు ఎక్కడ కనబడినా ముట్టుకోకండి, 1972 వన్యప్రాణి చట్టం కింద వాటి అమ్మకం నేరం. వందేళ్లు దాటిన ఫొటోను అమెరికాలో ఉన్న పిల్లలకు పంపాలన్నా కుదరదు, పురావస్తువుల చట్టం అడ్డొస్తుంది. స్కాన్ పంపి అసలుది ఇక్కడే ఉంచుకోవాలి.