మొదటి నవల: ఎడిటర్ చెప్పిన మార్పులు ఒప్పుకోవాలా, వాదించాలా?

ఖర్చు: ఒప్పుకుంటే పోయేది మీ సమయం. అమెరికన్ రచయిత్రి హార్పర్ లీ 1957లో ఇచ్చిన రాతప్రతిని ఎడిటర్ టే హోహాఫ్ సూచనలతో రెండేళ్లకు పైగా తిరగరాశారు. పెద్దయిన అమ్మాయి కథ కాస్తా ఆమె చిన్ననాటి కథగా మారి 1960లో 'టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్' నవలగా అచ్చయింది, 1961లో పులిట్జర్ బహుమతి అందుకుంది. వాదిస్తే పోయేది ఎడిటర్ ఓపిక. కొత్తవాళ్ల విషయంలో అది మామూలుగానే తక్కువ.

శ్రమ: ఒప్పుకోవడం సులువనిపిస్తుంది గానీ, ఒక్క పాత్రను తీసేస్తే సగం అధ్యాయాలు కదులుతాయి. వాదనకు ఒక ఈమెయిల్ చాలు. కాకపోతే "నాకిలాగే ఇష్టం" అంటే కుదరదు. ఆ సీన్ లేకపోతే తర్వాతి కథలో ఏం తెగిపోతుందో చూపించాలి.

రిస్క్: అన్నిటికీ తలూపితే మీ గొంతు పోతుంది. దేనికీ ఒప్పుకోకపోతే పుస్తకమే ఆగొచ్చు.

ఏది ఎప్పుడు: కథ సాగదీసినట్టుంది, పాత్ర ఎందుకలా చేసిందో అర్థం కాలేదు అంటే ఒప్పుకోండి. ఎడిటర్ చెప్పిన మందు నచ్చకపోయినా జబ్బు ఉన్నట్టే. శ్రీకాకుళం యాసలో ఉన్న సంభాషణను పుస్తకభాషలోకి మార్చమంటే మాత్రం గట్టిగా వాదించండి. ముగింపు మార్చమంటే ఓ వారం ఆగి జవాబివ్వండి.