ఎం.జి.బి. కారుకు సిల్ రేకులు: ఇంటి గ్యారేజీలో అమర్చాక ఒక సమీక్ష

బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ సంస్థ తయారుచేసే సిల్ రేకులను నా 1972 నాటి ఎం.జి.బి. రోడ్‌స్టర్‌కు (పైకప్పు లేని పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) ఇంటి గ్యారేజీలోనే అమర్చి రెండు చలికాలాలు గడిచాయి. ఇంగ్లండులో చలికాలమంటే రోడ్ల మీద ఉప్పు చల్లే కాలం కాబట్టి, పాత కారు రేకుల గురించి నలుగురికీ చెప్పే ముందు ఆ మాత్రం వ్యవధి అవసరమని ఇన్నాళ్లూ ఆగాను. ఈ పనికి సొంతంగా పూనుకునేవారు ఈ రేకులే కొనాలన్నది నా అభిప్రాయం. వాటి ఇనుము గట్టిదనం ఒక కారణమైతే, అమర్చేటప్పుడు అవి మిగిల్చే వారాంతాలు అంతకంటే పెద్ద కారణం.

సిల్ అనేది తలుపు కింద, ముందు చక్రం దగ్గర నుంచి వెనుక చక్రం దాకా నడిచే పెట్టె ఆకారపు దూలం. ఎం.జి.బి.కి ముందున్న ఎం.జి.ఏ.కు విడిగా ఛాసిస్, అంటే అడుగున భారం మోసే చట్రం, ఉండేది. 1962లో వచ్చిన ఎం.జి.బి.కి బాడీయే ఛాసిస్. పైగా రోడ్‌స్టర్‌కు పైకప్పు లేదు కనుక, కారు ముందు సగం, వెనుక సగం ఒకదానిమీదకు ఒకటి వంగకుండా ఆపే భారంలో అధికభాగం ఈ రెండు దూలాలే మోస్తాయి. బయటి నుంచి ఒక్క రేకులా కనిపించినా, వెలుపలి సిల్, మధ్య అడ్డరేకు, లోపలి సిల్, అడుగున క్యాజిల్ రెయిల్ అనే పట్టీ, ఇన్ని కలిస్తేనే అది దూలమవుతుంది. ముందు చక్రం విసిరిన బురద ఆ పెట్టెలో చేరి, నీరు దిగిపోయే రంధ్రాలను మూసేస్తుంది. తుప్పు లోపలి నుంచి తినడం మొదలుపెడుతుంది. రంగు మీద చిన్న బుడగ తేలేనాటికి లోపలి అడ్డరేకు అప్పడంలా విరిగే స్థితికి వచ్చి ఉంటుంది.

నేను కొన్న కారుకు ఆ బుడగలు కూడా లేవు. రంగు నిగనిగలాడుతోంది, తలుపులు మాత్రం కొంచెం ఎత్తి వేస్తే తప్ప పడటం లేదు. అనుమానంతో సిల్ మీద అయస్కాంతం పెట్టి చూస్తే ముందు భాగంలో జానెడు మేర అంటుకోలేదు. అంటే అక్కడున్నది రేకు కాదు, లప్పం. దాన్ని గీకితే, కుళ్లిన సిల్ మీద తొడుగులా మరో రేకును వెల్డింగు చేసి పైన రంగు కొట్టిన సంగతి బయటపడింది. పుచ్చిపోయిన దూలానికి సున్నం కొట్టినట్టన్నమాట. ఈ తొడుగు రేకులు ఇప్పటికీ మార్కెట్లో దొరుకుతాయి, చౌకగానే దొరుకుతాయి. ఎవరైనా ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దని నా మనవి.

మొదట నేనూ పొదుపుకే పోయాను. ఆన్‌లైన్‌లో ఒక విక్రేత దగ్గర, పేరు అనవసరం, అసలు అచ్చులతో సంబంధం లేకుండా కొలతలు తీసి వంచిన రేకులు దాదాపు సగం ధరకే వచ్చాయి. కంటికి అవీ ఇవీ ఒకటే. బిగింపు క్లాంపులతో కారుకు పట్టించి చూసినప్పుడు తేడా తెలిసింది: వెనుక అంచు సరిగ్గా కూర్చుంటే ముందు అంచు నాలుగు మిల్లీమీటర్లు ఎడంగా నిలిచింది, ముందు బిగిస్తే తలుపు కింది వంపు కలవలేదు. సుత్తితో దారికి తెద్దామని రెండు శనివారాలు పోరాడి, చివరికి ఎదురు కొరియర్ ఖర్చు భరించి తిప్పి పంపేశాను.

హెరిటేజ్ రేకులు ఎందుకు సరిపోతాయన్న దానికి సమాధానం వాటి చరిత్రలోనే ఉంది. ఎం.జి.బి. ఉత్పత్తి ఆక్స్‌ఫర్డ్ సమీపంలోని ఆబింగ్డన్ కర్మాగారంలో 1980లో ఆగిపోయింది. అప్పటికి 5 లక్షలకు పైగా కార్లు తయారయ్యాయి. ఆనాటి ప్రెస్ అచ్చులను సేకరించి, వాటితోనే ఈ సంస్థ 1988 నుంచి పూర్తి బాడీ షెల్‌ను కొత్తగా తయారుచేయడం మొదలుపెట్టింది. ఆ షెల్ ఆధారంగానే 1992లో రోవర్ కంపెనీ వి8 ఇంజనుతో ఆర్.వి.8 అనే కారును విడుదల చేయడం, తయారైన సుమారు 2,000 కార్లలో అధికభాగం జపానుకు పోవడం ఈ కథలో నాకు ఇష్టమైన మలుపు. మన పనికి సంబంధించినంతవరకు తేలేదేమిటంటే, 1972లో నా కారు మీద ఉన్న వంపే ఈ రేకు మీదా ఉంది.

అమర్చే పనిలో అసలు పరీక్ష కోత దగ్గర మొదలవుతుంది. పాత సిల్‌ను అడ్డూ ఆపూ లేకుండా కోసేస్తే బాడీ మధ్యలో కుంగుతుంది. కుంగిన స్థితిలో కొత్త సిల్ వెల్డింగు చేస్తే ఆ వంకర శాశ్వతమవుతుంది, తలుపు ఇక జన్మలో సరిగ్గా పడదు. అందుకే ముందుగా తలుపు సందులో ముందు స్తంభం నుంచి వెనుక స్తంభానికి చదరపు ఇనుప గొట్టాలను అడ్డంగా వెల్డింగు చేసి, ఒక పక్క పూర్తయ్యేదాకా రెండో పక్కను ముట్టుకోలేదు. ముందు ఫెండర్లు బోల్టులతో బిగించినవే కనుక ఊడదీయవచ్చు, కానీ కొన్ని బోల్టులకు డాష్‌బోర్డు వెనక నుంచి చెయ్యి దూర్చాలి, అవి యాభై ఏళ్ల తుప్పుతో ఒక పట్టాన కదలవు. వెనుక ఫెండర్ బోల్టులతో బిగించింది కాదు. వెలుపలి సిల్ చివర దాని వెనక్కి పోతుంది కాబట్టి ఆ ఫెండర్ కింది భాగాన్ని కోయక తప్పదు. బాగున్న రేకును గ్రైండరుతో కోయాలంటే చెయ్యి ఆడలేదని ఒప్పుకోవాలి.

ఆ తరువాత క్రమం ఇది. కొత్త సిల్‌ను క్లాంపులతో పట్టించాలి, తలుపు వేలాడదీయాలి, తలుపు వెనుక అంచు దగ్గర సందును పైనా కిందా కొలవాలి, తలుపు విప్పాలి, నాలుగు చుక్కలు వెల్డింగు చేయాలి, మళ్లీ తలుపు వేలాడదీయాలి. ఎడమ పక్కన నేను తలుపును పదకొండుసార్లు ఎక్కించి దించాను. సందు కొలవడానికి 4 మిల్లీమీటర్ల మందమున్న ప్లాస్టిక్ ముక్క ఒకటి జేబులో పెట్టుకున్నాను. అది పైనుంచి కిందికి ఎక్కడా బిగుసుకోకుండా, ఎక్కడా వదులవకుండా జారిన రోజునే మిగతా వెల్డింగుకు దిగాను. అంచు వెంట వరుసగా రంధ్రాలు చేసి వాటిని వెల్డింగుతో నింపితే కర్మాగారపు స్పాట్ వెల్డింగును పోలిన అతుకు వస్తుంది. ఒకచోట చేసి, చల్లారేలోగా దూరంగా మరోచోటికి పోవాలి. వరసగా లాగించేస్తే వేడికి రేకు మెలి తిరుగుతుంది. ఎడమ పక్కకు ఆరు వారాంతాలు పట్టగా, చెయ్యి తిరిగాక కుడి పక్క మూడింటిలో ముగిసింది.

కొనేవారికి రెండు మాటలు చెప్పాలి. వెలుపలి సిల్ ఒక్కటే కొని సరిపెట్టుకోవద్దు. అడ్డరేకు, లోపలి సిల్, క్యాజిల్ రెయిల్ కూడా ఒకేసారి తెప్పించుకోవడం మేలు, ఎందుకంటే కోసి చూశాక వాటిలో ఏదీ మిగలదు. ఏ సంస్థ రేకైనా దాని మీద వచ్చే ప్రైమర్ రవాణాలో తుప్పు పట్టకుండా కాపాడేందుకే ఉద్దేశించినది. అతుకుల దగ్గర జింక్ ప్రైమర్, రంగు ఆరాక పెట్టె లోపల పిచికారీ చేసే మైనం మన బాధ్యతే.

ఇక మార్పుచేర్పులు. చాలామంది ఈ కారు కొనగానే ఆనాటి లివర్ ఆర్మ్ షాక్ అబ్జార్బర్లు తీసేసి టెలిస్కోపిక్ రకం బిగిస్తారు, ఆపైన గట్టి స్ప్రింగులు వేస్తారు. సిల్ బలహీనంగా ఉన్న బాడీకి గట్టి స్ప్రింగులు వేస్తే రోడ్డు దెబ్బ స్ప్రింగు దగ్గర ఆగక బాడీని వంచుతుంది, కనుక వరుస తిరగేయకూడదు. నేను చేసిన మార్పులు మూడే: వెనుకనున్న రెండు 6 వోల్టుల బ్యాటరీల స్థానంలో ఒక 12 వోల్టుల బ్యాటరీ, డిస్ట్రిబ్యూటర్‌లో పాయింట్ల బదులు ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్, 2021లో వచ్చిన ఇ10 పెట్రోలులోని ఇథనాల్‌ను తట్టుకునే కొత్త ఇంధన గొట్టాలు. ఇంజను జోలికి పోలేదు. మా నాన్నగారి అంబాసిడర్‌లో ఉన్నదీ ఇదే బి సిరీస్ కుటుంబానికి చెందిన 1,489 సి.సి. ఇంజను, ఇందులో 1,798 సి.సి. అయింది, అంతే. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు విజయవాడ ఆటోనగర్ చెవిలో మోగుతుంది, దాన్ని మార్చబుద్ధి కాలేదు. బ్రిటన్‌లో 40 ఏళ్లు దాటిన కారుకు రహదారి పన్నుతోపాటు ఏటా జరిపించే తనిఖీ నుంచి కూడా మినహాయింపు ఉంది గాని, గత 30 ఏళ్లలో నిర్మాణంలో గణనీయమైన మార్పు చేసినవాటికి తనిఖీ మినహాయింపు వర్తించదని కూడా గుర్తుంచుకోవాలి. మినహాయింపు ఉన్నా నేను ఏటా తనిఖీ చేయిస్తూనే ఉన్నాను. నా వెల్డింగును మరొకరి కళ్లు చూడటం మంచిదే.

అమెరికాలో ఉన్నవారికి ఒక వెసులుబాటు ఉంది. ఎం.జి.బి.లలో ఎక్కువ భాగం అక్కడికే ఎగుమతి అయ్యాయి. కాలిఫోర్నియా, అరిజోనా వంటి పొడి రాష్ట్రాల్లో తిరిగిన కారు దొరికితే ఈ సమీక్షతో పని పడకపోవచ్చు.

ఈ కారు జాకీ నిలబడేది సిల్ మధ్యలోనే. పాత సిల్‌తో జాకీ ఎత్తితే చక్రాలు లేవక ముందే రేకు కరకరలాడేది. మొన్న నవంబరులో టైరు మార్చడానికి అదే జాకీ పెట్టి ఎడమ పక్కంతా గాల్లోకి లేపి, అలా ఉండగానే తలుపు తెరిచి, ఒక్క వేలితో నెట్టాను. ఎక్కడా తగలకుండా వచ్చి మూసుకుంది.