మా బాబు వెళ్ళే సీపీ థెరపీ సెంటర్, నాలుగేళ్ళు చూశాక రాస్తున్నా

మాది గజపతినగరం దగ్గర పల్లెటూరు. బాబుకి 11 ఏళ్ళు, సెరిబ్రల్ పాల్సీ (సీపీ), అంటే మెదడుకి దెబ్బ తగిలి కండరాలు అదుపులో ఉండకపోవడం, అందులో స్పాస్టిక్ రకం, కాళ్ళు బాగా బిగుసుకుంటాయి, చేతులు కొంచెం, మాట రాదు కానీ మనం చెప్పేది అన్నీ అర్థమవుతాయి. విజయనగరంలో ఉన్న ఈ సెంటర్‌కి వారానికి మూడు రోజులు బస్సులో తీసుకొస్తాను, కాంప్లెక్స్‌లో దిగి అక్కడినుంచి ఆటో.

మొదటే చెప్తున్నా, ఆరు నెలల్లో పిల్లాడు నడిచేయాలి అనుకుని వచ్చేవాళ్ళకి ఇక్కడ నచ్చదు. మేం ఇంతకుముందు వేరే ఊళ్ళో ఒక క్లినిక్‌కి తిరిగాం, నడిపించేస్తాం అని 60 వేలు కట్టించుకున్నారు, రోజూ కాళ్ళు పట్టుకుని లాగడమే, వాడు లోపల ఏడుస్తుంటే నన్ను బయట కూర్చోబెట్టేవాళ్ళు. ఇక్కడ మొదటిరోజు ఫిజియో మేడం నడక గురించి అసలు అడగలేదు. అన్నం ఎలా తింటాడమ్మా, రాత్రి ఎటు తిరిగి పడుకుంటాడు, బాత్రూంకి ఎవరు ఎత్తుకెళ్తారు, మీ నడుం ఎలా ఉంది, ఇవే అడిగారు. నా నడుం గురించి అడిగిన మొదటి మనిషి ఆవిడే.

అన్నం సంగతే చెప్తాను. మేం వాడి తల వెనక్కి వంచి నోట్లో పోసేవాళ్ళం, రోజూ పొలమారేది, గుండెలో దగ్గు వచ్చేది, నెలకోసారి డాక్టరు. ఇక్కడ నేర్పింది ఏంటంటే నిటారుగా కూర్చోబెట్టాలి, గడ్డం కొంచెం కిందికి ఉండాలి, చెంచా ఎదురుగా నోటి ఎత్తులోంచి రావాలి, మింగేదాకా ఆగి అప్పుడు రెండో ముద్ద. అలా కూర్చోడానికి కుర్చీ కావాలి కదా, కొలతలు తీసి కాగితం మీద గీసిచ్చారు, మా ఊరి వడ్రంగి చేశాడు, తొడల మధ్య చిన్న దిమ్మ, పాదాలకి పలక, ముందు బల్ల. ఇంతే. ఆ కుర్చీ వచ్చాక ఒక చలికాలమంతా దగ్గు లేకుండా గడిచింది.

థెరపీ ఎందుకు ఆపకూడదో కూడా అర్థమయ్యేలా చెప్పారు. మెదడుకి తగిలిన దెబ్బ పెరగదు, కానీ ఎముక పెరుగుతుంటే బిగుసుకున్న కండరం దాంతో సమానంగా సాగదు, అందుకే ఎదిగేకొద్దీ మోకాళ్ళు ముడుచుకుపోతాయి, తుంటి కీలు జారొచ్చు, మధ్యమధ్యలో తుంటి ఎక్స్‌రే తీయించమంటారు. ఇంట్లో రోజూ స్టాండింగ్ ఫ్రేమ్‌లో నిలబెడుతున్నాం, టీవీ ముందు పెడితే గొడవ చెయ్యడు.

ఇంక బొమ్మల బోర్డు. ఒక అట్ట మీద అన్నం, నీళ్ళు, బాత్రూం, నిద్ర, నొప్పి, అమ్మ, ఇలా తొమ్మిది బొమ్మలు అంటించి స్పీచ్ మేడం ఇచ్చారు, నాకైతే నమ్మకం లేదు. మూడో వారం అనుకుంటా, సాయంత్రం స్ప్లింట్లు (కాళ్ళు వంకర పోకుండా తొడిగే ప్లాస్టిక్ పట్టీలు) వేస్తుంటే ఎప్పట్లాగే ఏడుపు, మా అత్తమ్మ బోర్డు ముందు పెట్టింది, వాడు చేతిని ఈడ్చుకుంటూ తీసుకెళ్ళి నొప్పి బొమ్మ మీద పెట్టాడు, తర్వాత కాలు వైపు చూశాడు. విప్పి చూస్తే మడమ దగ్గర ప్లాస్టిక్ అంచు ఒరుసుకుని పుండు. "సెప్పుకోలేక ఏడిసినాడే గుంటడు, మనం మొండోడనుకున్నాం" అని అత్తమ్మ ఏడ్చేసింది. ఎన్ని నెలలు ఆ నొప్పితో వేసుకున్నాడో. మర్నాడే సెంటర్లో అంచు వేడిచేసి వంచి మెత్తటి గుడ్డ వేసిచ్చారు, డబ్బులు తీసుకోలేదు. ఇప్పుడు బోర్డులో 40 బొమ్మలున్నాయి.

కాగితాల పని కూడా చూస్తారు. యూడీఐడీ కార్డు (వైకల్యం గుర్తింపు కార్డు), నెలకి 6 వేల పింఛను, కేంద్ర ప్రభుత్వ నేషనల్ ట్రస్ట్ వాళ్ళ నిరామయ ఇన్సూరెన్స్, అది లక్ష రూపాయల దాకా, థెరపీకి కూడా కొంత వస్తుంది, అన్నీ దగ్గరుండి నింపించారు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం 6 నుంచి 18 ఏళ్ళ దాకా చదువు ఉచితం అని స్కూలు హెడ్మాస్టరుకి ఫోన్ చేసి మాట్లాడింది కూడా వీళ్ళే.

బాగోలేనివి కూడా రాయాలి. స్పీచ్ మేడం వారానికి ఒక్కరోజే వస్తారు, ఇంతమంది పిల్లలకి అది ఏ మూలకి. గేటు దగ్గర మెట్టుంది, వీల్‌చైర్ ఇద్దరు పట్టుకుని ఎత్తాలి, రెండేళ్ళనుంచి చెప్తున్నాం.

అన్నిటికంటే నాకు బెంగ 18 దాటినవాళ్ళ సెక్షన్. అక్కడ మెడికల్ షాపులకి కాగితం కవర్లు చేస్తారు, కాగితం కదలకుండా చెక్క ఫ్రేమ్‌లో పెట్టి మడతపెట్టడం, చెయ్యి వణికేవాళ్ళు కూడా చేసేస్తారు, ఆలోచన బాగుంది. కానీ అందరికీ అదే పని. ఒక్క అమ్మాయికి మాత్రం కీబోర్డు మీద రంధ్రాలున్న పలక బిగించిచ్చారు, వేలు జారినా పక్క అక్షరం పడదు, టెన్త్ స్క్రైబ్‌తో (తను చెప్తే రాసిపెట్టే మనిషి) రాసింది, గంటకి 20 నిమిషాలు ఎక్స్‌ట్రా టైం ఇచ్చారంట, ఇప్పుడు ఒక ఆన్‌లైన్ సెంటర్‌లో ఫారాలు నింపుతుంది, జీతం తీసుకుంటుంది. ఆ పలక ఒక్కటేనా? మిగతావాళ్ళకి ఎందుకు పెట్టరు? ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం కోటా ఉంది, అందులో 1 శాతం కాళ్ళూచేతుల వైకల్యం వాళ్ళకి, సీపీ కూడా అందులోకే వస్తుంది, మరి ఆ పరీక్షలకి చదివించేవాళ్ళు ఇక్కడ ఒక్కరూ లేరు. మా వాడికి ఇంకో ఏడేళ్ళు టైముంది, ఈలోపు ఇది మారాలని ప్రతి మీటింగులో అడుగుతున్నా, మిగతా అమ్మానాన్నలు కూడా అడగండి.

నెలకి 2,500 తీసుకుంటున్నారు, కట్టలేమంటే తగ్గిస్తారు. స్పీచ్ కోసం అయితే మంగళవారం రండి, ముందురోజు ఫోన్ చేసి కనుక్కోండి. పాత ఎక్స్‌రేలు, స్ప్లింట్లు ఉంటే తెచ్చుకోండి, పిల్లలు ఇంట్లో రోజూ తినే అన్నం ఒక బాక్సులో పెట్టుకురండి, ఎలా తింటున్నారో మొదటిరోజే చూస్తారు.