కూబోనా, మిస్సింగ్ లింకా?

రెండూ అమెరికాలోని లైకా స్టూడియో తీసిన స్టాప్ మోషన్ సాహస కథలే. బొమ్మని వెంట్రుకవాసి కదపడం, ఫొటో తీయడం. సెకను సినిమాకి 24 ఫ్రేములు! ఎంత ఓపిక కావాలో.

నాకు 'కూబో అండ్ ది టూ స్ట్రింగ్స్' (2016) అంటేనే ప్రాణం. పాతకాలపు జపాన్‌లో జరిగే కథ. పిల్లాడు షామిసెన్ అనే జపాన్ తీగల వాద్యం మీటగానే రంగు కాగితం దానంతటదే మడతలు పడి, బుల్లి సమురాయ్ యోధుడిగా లేచి నిలబడుతుంది. ఆ మడతల అంచులు చూస్తే చేత్తో తాకాలనిపిస్తుంది. రాక్షస అస్థిపంజరం కోసమైతే ఏకంగా 16 అడుగుల బొమ్మ కట్టారు. తల్లి జ్ఞాపకాలు చెదిరిపోయే చోట నా కళ్ళు చెమర్చాయి.

'మిస్సింగ్ లింక్' (2019) తేలిగ్గా, నవ్విస్తూ సాగుతుంది. అమెరికా అడవుల నుంచి హిమాలయాల దాకా ప్రయాణం. గోల్డెన్ గ్లోబ్ అవార్డు కూడా వచ్చింది. చిన్నపిల్లలతో చూడ్డానికి మాత్రం ఇదే మేలు, కూబోలో కొన్నిచోట్ల వాళ్ళు జడుసుకుంటారు.